తలుపుతో సహా కోర్టుకెళ్ళిన రోజు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టండి. ఈ జీడిపప్పు నాలుగు నోట్లో వేసుకుని వినండి, మా తోటదే. ఆ రోజుల్లో మా వైపు కోర్టు కాగితమంటే తేలుకంటే ఎక్కువ భయం. తేలు కుడితే ఏం చెయ్యాలో ఊళ్ళో నలుగురికైనా తెలుసు, కోర్టు కాగితం వస్తే ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియదు. ఇప్పుడు మా మేనల్లుడు ఆటోలో కూర్చునే ఫోన్లో వాయిదా తారీఖు చూసేస్తున్నాడు. అప్పట్లో మా ఇంట్లో తెలిసిన చట్టం ఒక్కటే: కాగితం ముట్టుకోకపోతే కేసు అంటుకోదు. ఆ చట్టం చేసింది మా మావయ్య. (నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆ అత్తింట్లో అంతకంటే చదివినవాళ్ళు లేరు, కాబట్టి ఆయన్ని ఆపాల్సింది నేనే. ఆపలేదు. పెళ్ళయి ఆరు నెలలు, నోరు ఇంకా పుట్టింటి దగ్గరే ఉండిపోయింది.)

మాది మాకవరపాలెం దగ్గర పల్లె. ఉన్నదల్లా ఒక జీడితోట. దాని దిగువ వరసలో పదకొండు చెట్లు మా అత్త పెంచినవి. రెండు ఎండాకాలాలు బిందె చంకన పెట్టుకుని గెడ్డలోంచి, అదే మా వైపు వాగు, నీళ్ళు మోసి బతికించింది. పక్క తోట ఆయన్ని అందరూ కొలతల మావ అనేవారు. పెళ్ళి భోజనానికి వెళ్ళినా పందిరి ఎన్ని అడుగులుందో నడిచి చూసేవాడు. ఆయన ఒకరోజు గట్టు మీద అడుగులు వేసుకుంటూ నడిచి, ఆ పదకొండు చెట్లూ తన హద్దులోవని తేల్చి, నర్సీపట్నం కోర్టులో దావా వేశాడు. కాగితాలు అందించే కోర్టు ఉద్యోగి అమీనా గారు సమన్లు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలైంది.

ఆయన సైకిలు బెల్లు వీధి మొదట్లో వినపడగానే మావయ్య ధాన్యం గాదె వెనక్కి, మా ఆయన పెరటి గోడ దూకి అవతలికి, అత్త వంటింట్లోకి. తలుపు గడియపెట్టి జవాబు చెప్పడం నా వంతు.

"ఎవరమ్మా ఇంట్లో?"

"ఎవరూ లేరండీ."

"మరి నువ్వున్నావు కదమ్మా."

"నేనూ లేనండీ."

గాదె వెనకనుంచి మావయ్య దగ్గు. బయట అమీనా గారు నవ్వారో నిట్టూర్చారో నాకు కనపడలేదు. ఇలా రెండుసార్లు జరిగింది. మూడోసారి ఆయన సంచిలోంచి మైదా జిగురు డబ్బా తీసి, ఎదురింటి కిరాణా కొట్టాయన్ని సాక్షిగా పిలిచి సంతకం పెట్టించుకుని, కాగితాన్ని మా వీధి తలుపుకు అంటించి వెళ్ళిపోయారు.

మావయ్య బయటికి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని దాన్ని దూరం నుంచే చూశారు. "తలుపు ముట్టుకుంది, మనం ముట్టుకోనేదు. కేసు తలుపు మీదే. ఎవరూ సదవకండి. సదివితే తీసుకున్నట్టే."

అప్పటినుంచి ఆ తలుపును కింద మూల పట్టుకుని తీసేవాళ్ళం, పాము పడగ కింద నడిచినట్టు నడిచేవాళ్ళం. కాని రోజూ పొద్దున్నే ఆ గుమ్మం ముందు ముగ్గు వెయ్యాల్సింది నేను. చుక్కకు ఒక మాట, గీతకు ఒక మాట చొప్పున వారం రోజుల్లో మొత్తం చదివేశాను. ఫలానా తారీఖు పదిన్నరకు హాజరు కావాలి, రాకపోతే మీరు లేకుండానే తీర్పు చెప్పబడును అని ఉంది. చదివితే తీసుకున్నట్టే అన్నారు కదా, అంటే ఈ ఇంట్లో కేసు అంటుకున్నది నా ఒక్కదానికే అనుకున్నాను. (నవ్వకండి. పందొమ్మిదేళ్ళకి మీరెంత తెలివిగా ఉన్నారో మీ అమ్మగారిని అడుగుతాను.) తారీఖు దగ్గరికొస్తోంది. అత్త సాయంత్రం ఆ చెట్ల కింద రాలిన ఆకులు ఊడ్చి వచ్చి, "ఈ ఏడు పూత బావుందే" అంటుంటే నేను ఆ తలుపు వైపే చూసేదాన్ని.

ముందురోజు మధ్యాహ్నం మా మేక మైదా వాసన పట్టి, ముందు కాళ్ళు గడప మీద పెట్టి, కాగితం కింది మూల కొరికి నమిలేసింది. తారీఖు ఉన్నది సరిగ్గా ఆ మూలే. మావయ్య మొహం వెలిగిపోయింది. "తారీకు మేక తినీసింది. ఇంకెక్కడి కేసు?"

అప్పుడు నా నోరు పుట్టింటినుంచి వచ్చేసింది. "మావయ్యా, అది రేపే. పదిన్నరకి. ఎల్లకపోతే సెట్లు కొలతల మావకి ఇచ్చీస్తారట."

మేక నమలడం ఒక్కటే వినిపిస్తోంది.

"సదివినావేటే?" అంది అత్త.

"సదివినానత్తా."

నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ మావయ్య వైపు తిరిగింది. "రెండు ఎండాకాలాలు నా నడుం ఇరిగేలా నీల్లు మోసినాను. రేపు నువ్వు కోర్టుకి ఎల్లకపోతే, అదే బిందె నీ నెత్తి మీద బోర్లిస్తాను."

మావయ్య ఒప్పుకున్నారు గాని కాగితం మాత్రం పీకనివ్వలేదు. పీకితే చేత్తో పుచ్చుకున్నట్టేనట, పైగా చిరిగితే జైలేమోనని భయం. లాయరుకు చూపించకుండా ఎలా? తెల్లారేసరికి తండ్రీకొడుకులు తలుపునే బందుల్లోంచి ఎత్తేశారు. గుమ్మానికి నులకమంచం అడ్డం నిలబెట్టి, మేకను చూడమని ఎదురింటివాళ్ళకు చెప్పి, తలుపును ఆటో మీద తాళ్ళతో కట్టుకుని బయలుదేరాం. దారిలో ఎక్కిన ముసలాయన, "కొత్త ఇల్లా బావూ?" అన్నాడు. మా ఆయన "కాదు తాతా, కోర్టుకి" అన్నాడు. ఆయన తల బయటికి పెట్టి తలుపును చూసి, "తలుపు మీద కూడా కేసెట్టీసినారేటి?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. డ్రైవరు మనిషి కనపడ్డ చోటల్లా ఆపుతున్నాడు. "బేగి పోనీ బాబూ" అని నేను అరచేతులు నలుపుకుంటూనే ఉన్నాను.

కోర్టు ఎదుట బోర్డు చూసి ఒక లాయరమ్మ గారి గదికి చేరేసరికి పది దాటింది. ఆవిడ తలుపును చూసి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, తల వంచి మేక మిగిల్చిందంతా చదివారు. వెంటనే వకాల్తా కాగితం తీసి మావయ్య సంతకం కోసం ముందుకు తోశారు.

"ముందు సెప్పండమ్మా, జైల్లో ఎడతారా?"

"ఇది సివిల్ దావా బాబాయ్. హద్దు ఎక్కడో తేలుస్తారు, అంతే. జైలు లేదు."

"కాయితం మేం ముట్టుకోనేదు కదా. కేసు ఉన్నట్టా, నేదా?"

"తలుపుకు అంటించిన రోజే మీకు అందినట్టు. ఇవాళ రాకపోయుంటే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేది."

మావయ్య సంతకం పెట్టేశారు. అత్త ముందుకు జరిగింది. "పట్టా ఆయన తాత పేరునుంది. శిస్తు రసీదులు డబ్బాలో ఉన్నాయి. పనికొస్తాయా తల్లీ? జడ్జిగారి ముందు సెప్పులు ఇప్పాలా?"

"రసీదులు బంగారమమ్మా, జాగ్రత్త. చెప్పులు మీ ఇష్టం. పక్క హాల్లో నా కేసొకటి నడుస్తోంది, అది చూసుకుని వచ్చేస్తాను. ఈలోగా పేరు పిలిస్తే లోపలికెళ్ళి 'ఉన్నాను' అనండి. ఆ ఒక్క మాట చాలు."

తలుపును వరండా గోడకు ఆనించి నిలబడ్డాం. ఎదురుగా కొలతల మావ తెల్లచొక్కా వేసుకుని మమ్మల్నీ తలుపునూ మార్చి మార్చి చూస్తున్నాడు. లోపలినుంచి బంట్రోతు మా మావయ్య పేరు గట్టిగా పిలిచాడు. చూద్దును కదా, పక్కన మావయ్య లేరు! పేరు వినపడగానే నెలరోజుల అలవాటు కొద్దీ ఆయన కాళ్ళు వాటంతటవే నడిచి తలుపు వెనక్కి వెళ్ళిపోయాయి. రెండోసారి పిలిచాడు. గోడకీ తలుపుకీ మధ్యనుంచి గుసగుస: "లేనని సెప్పీయే."

లాయరమ్మ గారు రాలేదు. మా ఆయన బిగుసుకుపోయాడు. అత్త చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది, బిందె మోసి మోసి కాయలు కాసిన చెయ్యి. మూడో పిలుపుకు బంట్రోతు నోరు తెరవగానే నేను వాకిట్లోంచే అరిచాను: "ఉన్నారండీ! ఇక్కడే, తలుపెనకాల ఉన్నారండీ!"

హాలంతా తిరిగి చూసింది. జడ్జిగారు రాస్తున్న కలం ఆపి, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

"కోడల్నండీ. నేనూ ఉన్నానండీ."

అప్పుడు నవ్వారు అందరూ. మావయ్యని బయటికి లాగాం, లాయరమ్మ గారు పరుగున వచ్చారు, జవాబు రాసి ఇవ్వడానికి గడువు దొరికింది. సాయంత్రం తలుపును ఆటో మీదకు ఎత్తుతుంటే నాలుగో మూల ఎవరో పట్టుకున్నారు. చూస్తే కొలతల మావ. "వాయిదా వచ్చే నెల కదా. అందాకా ఒక సెయ్యి ఎయ్యనీండి" అన్నాడు. తర్వాత మూడేళ్ళు తిరిగాక సర్వేయరు గొలుసు పట్టి కొలిచాడు, రాజీ కుదిరింది. చెట్లు మావే అయ్యాయి, ఆయనకు గట్టు మీద బండి దారి ఇచ్చాం. ఇప్పుడు మీరు నములుతున్నది ఆ చెట్ల పప్పే.

మావయ్య, అత్త ఇప్పుడు లేరు. ఊళ్ళో ఎవరికి కోర్టు కాగితం వచ్చినా నా దగ్గరికి తెస్తారు. తీసుకోండి, సంతకం పెట్టండి, ముందు తారీఖు చూడండి, లాయరు దగ్గరికి వెళ్ళండి అని చెబుతాను. నాకు తెలిసింది అంతే. ఆ తలుపుకు ఎన్ని రంగులు వేసినా జిగురు మచ్చ మాత్రం పోలేదు. ఒక్కోసారి దాని మీద చెయ్యి వేసి, లోపలున్న ఆ పందొమ్మిదేళ్ళ పిల్లను పిలవాలనిపిస్తుంది. పిలిచినా పలకదు, నాకు తెలుసు. "నేనూ లేనండీ" అంటుంది.

మీ గుమ్మానికి పసుపు, మావిడాకులు తప్ప వేరేదీ అంటకూడదు తల్లీ. ఒకవేళ అంటినా, ముగ్గు వేస్తూ వేస్తూ దాన్ని చదివేసే పిల్ల ఒకత్తి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. చల్లగా ఉండండి.