ఫోన్ చేసినప్పుడల్లా వెనక్కి

వజ్రకరూరు అవతల, మిట్ట మీది వీధిలో ఇప్పుడు తలుపు తెరిచి ఉండేది మేరాజ్ బీ ఇల్లొక్కటే. బోరు ఎండాక మిగతావాళ్లు తాళాలేసుకుని బెంగళూరు పనులకు పోయారు. మేరాజ్ బీకి భర్త లేడు, పిల్లలు లేరు, కొన్ని గొర్రెలున్నాయి. ట్యాంకర్ రాకపోతే ఈ వారం వాటిని సంతకు తోలాల్సిందే.

నీళ్లు తోలే ఆఫీసుకు రోజూ పొద్దున ఫోన్ చేసేది.

“ఏమప్పా జయచంద్రా, ఈ పొద్దన్నా వస్తాదా?”

“వరసలో ఉండావులేమ్మా.”

“వరస యాడికీ పోదు. నా గొర్రెలే పోయేట్టుండాయి.”

జయచంద్ర నవ్వి, కంప్యూటర్లో ఆమె పేరు పక్కన ‘మళ్లీ అడిగినారు’ అని రాసేవాడు. గొర్రెలకు మేత దొరికిందా అనేవాడు. చాలా రోజులు ఆమెతో మాట్లాడిన మనిషి అతనొక్కడే.

ఒక పొద్దున ఆమె గొంతు మారింది. “కింది వీధి చిన్నక్క నా తర్వాత అడిగింది. మళ్లా ఒక్క ఫోనూ చెయ్యలేదంట. ఆయమ్మకు నీళ్లు, నాకు దుమ్మా?”

ముందు అడిగినవాళ్లు పైన ఉండే జాబితాను జయచంద్ర తెరిచాడు. మేరాజ్ బీ పేరు అట్టడుగున ఉంది. అడిగిన తేదీ దగ్గర నిన్నటి తేదీ ఉంది. ఇంకొకరి పేరు పక్కన ఒక మాట రాసి చూశాడు. అతని కళ్ల ముందే ఆ తేదీ కూడా మారిపోయింది.

ఆ ప్రోగ్రాం రాసిన సర్ఫరాజ్ గుంతకల్లు నుంచి ఫోన్‌లో తాపీగా చెప్పాడు. “ఆ తేదీ గడి మారకూడదని నేను ప్రోగ్రాంలో చెప్పలేదన్నా. చెప్పకపోతే ఒక పేరు పక్కన ఏది దిద్దినా డేటాబేసే అప్పటి టైము వేసుకుంటాది. ఇప్పుడే ఆపుతా. పాత తేదీలు మాత్రం పోయినట్టే.”

జయచంద్ర ఈసారి తానే ఫోన్ చేశాడు. “నువ్వు అడిగినప్పుడల్లా నేను రాసి, నిన్ను వెనక్కి తోసినానమ్మా. మొదట ఎప్పుడు అడిగినావు?”

ఆమె ఎదురింటి తాళం వైపు చూసింది.

“ఎదురింటి ఓబులమ్మ తాళమేసుకోని పోయిన పొద్దు. రంజాన్ అయినాక వచ్చిన శుక్రవారం.”

అతను ఇంకేమీ అడక్కుండా ఆ తేదీనే వేశాడు. పేరు పైకి వచ్చింది.

“రేపు వస్తాది. ఇంక ఫోన్ చేసే పని లేదమ్మా.”

మరుసటి రోజు ట్యాంకర్ వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపకుండానే తొట్టి నింపి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి పొద్దున గొర్రెలు నీళ్లు తాగుతుంటే మేరాజ్ బీ గడపలో కూర్చుని ఫోన్‌లో జయచంద్ర నంబరు తీసింది. అడగడానికి ఏమీ తోచలేదు. ఫోన్ పక్కన పెట్టి, గొర్రెలను బయటికి తోలింది.