గోడ మీద పాపాలు, గోదావరిలో దోనె

సర్వకృపానిధియైన దేవునికి స్తోత్రం. నావంటి మూర్ఖుణ్ణి పిడుగు వేసి కాల్చక, ముసలితనం దాకా భరించి, ఈ కథ నా నోటితోనే చెప్పుకొనే శిక్ష విధించిన ఆయన ఓర్పుకు మరీ స్తోత్రం. చదువరులారా, ఒక్కడు పశ్చాత్తాపపడి సంఘం మొత్తాన్ని పాపంలోకి దింపిన వైనం ఎక్కడైనా విన్నారా? ఆ ఘనుణ్ణి నేనే.

నరసాపురానికి దిగువన, ఏటిగట్టు మీద మా పేట. పన్నెండు ఇళ్లు, ఒక తాటాకుల ప్రార్థన పాక. అప్పట్లో నేను కుర్రవాణ్ణి. బాప్తిస్మం పొంది ఏడాదైనా కాలేదు, అప్పుడే పరలోకపు గుమ్మంలో నిలబడి మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తున్నవాడిలా నడిచేవాణ్ణి. రోజూ సాయంత్రం ఆత్మపరీక్ష చేసుకొని, ఆ రోజు మనసులోకి వచ్చిన ప్రతి చెడు తలంపుకూ ఇంటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేవాణ్ణి. నెల తిరిగేసరికి గోడ మీద వల ఆరేసినట్టయింది.

"నీ పాపాల సంగతేమో గానీ నాయనా, ఈ గోడ అలకలేక నా నడుం పడిపోతోంది" అనేది మా అమ్మ.

ఇంత పెద్ద గోడ మీదా ఒక్క గీతకు మాత్రం చోటు దొరకలేదు. సంఘపెద్ద పౌలుగారి దోనెను అడగకుండా విప్పుకొని అవతలి రేవుకు వెళ్లి వచ్చి, ముడి సరిగా వేయకుండా వదిలేశాను. ఆటు నీటితో అది సముద్రం దారి పట్టింది. పౌలుగారికి అంతకుముందే మా పేటవాడే అయిన సత్తెయ్యతో తగాదా. అందుచేత విప్పినవాడు సత్తెయ్యేనని తేల్చి, ఒప్పుకొనేదాకా ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకొనే ఆరాధనకు, రావద్దన్నారు. చేయనిది ఒప్పుకోనన్నాడు సత్తెయ్య. మిషను దొరగారు మూడు నెలలకొకసారి వచ్చి బల్ల ఇచ్చేవారు. రెండుసార్లు సత్తెయ్య గుమ్మం బయటే కూర్చున్నాడు. నేను లోపల కూర్చొని నిండు భక్తితో కళ్లు మూసుకున్నాను. తెరిస్తే గుమ్మం కనబడుతుంది మరి.

ఇంతలో, ఈసారి దొరగారు బల్ల ఇచ్చి మా పేటకు, తాను లేనప్పుడు వాక్యం చెప్పే ఒక ఉపదేశిని కూడా ఎంచుతారని కబురొచ్చింది. బల్లకు ముందు క్షమాపణ అడిగి ఒకరితో ఒకరు సమాధానపడడం మా ఆచారం. ఉపదేశి కాబోయేవాడు అందరికంటే ఎక్కువగా సమాధానపడాలి గదా! శనివారం పొద్దున్నే గీతలన్నీ గుర్తు చేసుకొని ఇల్లిల్లూ బయలుదేరాను.

మొదట పౌలుగారు.

"పెదనాన్నగారూ, నన్ను క్షమించండి."

"దేనికిరా అబ్బాయ్?"

"మీరు ప్రార్థన చేస్తుంటే, ఈయన దేవుడితో మాట్లాడుతున్నాడా, దేవుణ్ణి నిద్రపుచ్చుతున్నాడా అనుకున్నానండి. నాలుగుసార్లు."

ఆయన నోట్లోని చుట్ట జారి పంచె మీద పడింది.

తరువాత మరియమ్మ మామ్మ.

"మామ్మా, నువ్వు కీర్తన ఎత్తుకున్నప్పుడల్లా ఎవరి గేదో తప్పిపోయిందనుకున్నాను."

"ఇన్నాళ్లూ నాకు తెలీదు గదరా!"

"అందుకే చెబుతున్నా మామ్మా."

"చెప్పమని నిన్నెవరన్నా అడిగారంట్రా?"

ఒకరి పులుసు, ఒకరి నడక, ఒకరి కొడుకు ముక్కు, ఏదీ దాచలేదు. నా వెనక తలుపులు దబదబ మూసుకుంటుంటే ఆత్మ పనిచేస్తోందనుకున్నాను. సత్తెయ్య గుమ్మం దగ్గర మాత్రం, కాళ్లకు ఏదో పని గుర్తొచ్చినట్టు గబగబా దాటిపోయాను.

ఆదివారం దొరగారు రొట్టె సిద్ధం చేసి, "సమాధానముతో వచ్చినవారు లేచి నిలువుడి" అన్నారు.

లేచాను. నేనొక్కణ్ణే లేచాను.

"తక్కినవారికి ఏమైనది?"

"ఏం చెప్పమంటారండీ!" అంది మరియమ్మ మామ్మ. "మొన్నటిదాకా బాగానే ఉన్నామండి. నిన్న ఈ కుర్రోడొచ్చి పశ్చాత్తాపపడి పోయాడండి. అప్పట్నుంచి వీణ్ణి రోకలితో మోదాలని ఉందండి. ఇంత కోపం పెట్టుకుని రొట్టె ఎలా ముట్టుకోనండి?"

"నాదీ అదే పరిస్థితండి" అన్నారు పౌలుగారు, పంచెకు పడిన చిల్లు చూపిస్తూ.

అప్పుడు గుమ్మం బయటనుంచి సత్తెయ్య గొంతు వినిపించింది. "దొరగారూ, ఒక్క మాటండి. అందరిళ్లకీ వెళ్లాడు గానీ మా ఇంటికి రాలేదండి. అంటే నా మీద ఒక్క చెడ్డ తలంపూ లేదన్నమాటే గదండి! పేటంతా నన్ను దొంగన్నా, నమ్మినోడు వాడొక్కడేనండి. వాణ్ణేమీ అనకండి."

ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఏదీ నా చేత ఇలా నిజం కక్కించలేదు.

"దోనె విప్పింది నేనేనండీ!" అని అరిచాను.

పౌలుగారు లేచి, బయటికి వెళ్లి, సత్తెయ్య చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. గుమ్మం బయట ఖాళీ అయిన చోటు దొరగారు నాకు వేలితో చూపించారు. ఉపదేశి పని సంగతి దయచేసి అడక్కండి.

నన్ను బయట చూసి అందరి కోపమూ చల్లారిందేమో, బల్ల సాగింది. అది ముగిశాక సత్తెయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. క్షమించమన్నాను.

"క్షమించాన్లే తమ్ముడూ. కానీ ఈ ఆర్నెల్లూ, ఆ దోనె విప్పినోడెవడో తెలీక, వాణ్ణి మనసులో చాలా అనుకున్నాను. ఒక్కొక్కటే చెప్పి పశ్చాత్తాపపడమంటావా?"

పడ్డాడు. పొద్దు వాలేదాకా పడ్డాడు.

మర్నాడు గోడంతా నేనే అలికాను. ఒట్టు పెట్టుకోవడం మనకు తగదు గనుక, చదువరులారా, మిక్కిలి గంభీరంగా మాట మాత్రం ఇస్తున్నాను: నా తలంపులు మోసుకొని ఇంకెన్నడూ పొరుగువారి తలుపు తట్టను. ఇక నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, పది గుమ్మాలు తొక్కి మేము దాటిపోయే ఆ ఒక్క గుమ్మం ముందు మమ్మల్ని నిలబెట్టు. అవసరమైతే కాళ్లు విరగ్గొట్టి అయినా సరే. ఆమేన్.