ఎదురు షాపు మాస్టర్ గారు

మా ఎదురు షాపు టైలర్ మాస్టర్ గారు పోయిన శుక్రవారం కన్నుమూశారు. దారాలూ బొత్తాలూ అమ్మే కొట్టాయన ఫోన్ చేసి, "అమ్మా, మాస్టర్ గారు ఇక లేరు. నమాజుకని లేచి, కూర్చున్నచోటే ఒరిగిపోయారంట" అన్నాడు. సగం ఎత్తిన షట్టర్‌ని మళ్ళీ దించేశాను. తిరువూరులో నా వ్యాపారానికి అసలైన పోటీ ఆయనే. ఆయన పోతే నాకంత ఏడుపు ఎందుకొచ్చిందో చెప్పాలి.

విజయవాడలో ఫ్యాషన్ కోర్సు చేసొచ్చి ఇక్కడ బొటిక్ పెట్టాను. కొత్త మిషన్లు, అద్దాల తలుపు, గోడ నిండా డిజైన్ల ఫొటోలు. "ఎదురుగా మాస్టర్ గారున్నారు కదా, ఆలోచించావా?" అని మావారు అడిగితే, "ఆ తొక్కుడు మిషన్ ముసలాయనా నాకు పోటీ?" అని నవ్వాను.

మొదటి పెళ్ళిళ్ళ సీజన్లో ఊపిరి సలపలేదు. రెండో సీజన్‌కి కుర్చీలు ఖాళీ. ముహూర్తాలు తక్కువేమో అనుకున్నాను. ఓ రోజు తలెత్తి చూస్తే ఆయన గుమ్మం నిండా చెప్పులే. పెనుగొలను నుంచి వచ్చే టీచరమ్మ, నా మొట్టమొదటి కస్టమర్, ఆ మెట్లే దిగుతూ కనబడింది. ఉండబట్టలేక వెళ్ళి అడిగేశాను.

"నీ కుట్టు బాగుంటుందమ్మా. కానీ మాస్టర్ గారు అన్న రోజుకి ఇస్తారు. ఆటో ఎక్కి ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోలేను కదా" అంది.

ఆ సాయంత్రం షాపు ఎత్తేద్దామనే అనుకున్నాను. ఎందుకో ముందు ఆయన దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, స్టూలు జరిపి, టీ తెప్పించారు. నేను చెప్పిందంతా విని, బీరువాలోంచి ఆకుపచ్చ జాకెట్ ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టారు. నేను కుట్టిందే!

"నువ్వు షాపు తెరిచిన వారానికే మా ఇంటావిడని పంపి కుట్టించాను. రెండుసార్లు విప్పి, రెండుసార్లు కుట్టుకున్నాను. మెడ అంచు చుట్టూ ఆ సన్న పైపింగ్ ఎలా తిప్పావో అప్పుడు గానీ అర్థం కాలేదు. ఇప్పుడు నేనూ వేస్తున్నా. మరి నువ్వు నా కుట్టు ఎప్పుడైనా చూశావా?"

"లేదండి" అన్నాను.

"నన్ను తక్కువ చేసి మాట్లాడావని విన్నాను. దానికి కోపం లేదమ్మా. నావైపు అసలు చూడనే లేదు చూడు, నీ షాపుకి దెబ్బ అక్కడ తగిలింది."

మర్నాడే మా అత్తగారికి జాకెట్ ముక్క ఇచ్చి ఆయన దగ్గరికి పంపాను. ఎవరి మనిషో ఆయనకి తెలుసు. కుట్టి ఇస్తూ, "మీ కోడల్ని లోపలి పక్క చూడమనండి" అన్నారట. తిప్పి చూస్తే, పక్క కుట్ల దగ్గర రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలి ఉంది. ఒళ్ళు చేసినా, బిడ్డని కన్నా, అదే జాకెట్‌ని వదులు చేసుకోవచ్చు. నేనైతే నాజూగ్గా ఉండాలని అదంతా కత్తిరించి పారేసేదాన్ని. గుడ్డ వదలడం, అన్న రోజుకి ఇవ్వడం అప్పుడు నేర్చుకున్నాను. మెల్లగా కుర్చీలు నిండాయి.

అలాగని ఆయన నాకు ఒక్క కస్టమర్నీ వదల్లేదు. నేను మగ్గం వర్క్ మొదలుపెడితే, నెల తిరక్కుండా విస్సన్నపేట నుంచి పనివాణ్ణి రప్పించుకున్నారు. నేను ట్రయల్ రూమ్ కట్టిస్తే, ఆయన ఓ మూలకి పువ్వుల కర్టెన్ వేలాడదీసి, నాకేసి చూసి గడ్డంలో నవ్వుకున్నారు. కొత్తగా షాపు పెట్టే ఆడపిల్లలు సలహా అడిగితే, ముందు ఎదుటివాళ్ళ దగ్గర ఒకటి కుట్టించుకుని విప్పి చూడమంటాను. వాళ్ళు నవ్వుతారు. నేనూ ఒకప్పుడు నవ్వినదాన్నే.

నిన్న మాస్టర్ గారి ఆవిడ ఇంటికి పిలిపించి, సంచి ఒకటి చేతికిచ్చారు. "కస్టమర్ల జాకెట్లు, ఆయన కత్తిరించి పెట్టినవి. కుట్టడానికి ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదమ్మా" అన్నారు.

షాపుకొచ్చి ఒక్కో ముక్కా బల్ల మీద పరిచాను. అన్నిటి మీదా ఆయన నీలం సుద్దతో గీసిన గీతలు, ఎక్కడా వణుకు లేదు. చేత్తో గట్టిగా రుద్దితే పోతాయని, అంచులు పట్టుకుని మిషన్ కింద పెట్టాను. సూది కింద గుడ్డ జరిగేకొద్దీ గీత దారం కిందికి వెళ్ళిపోతోంది.