మెదడు మేడమ్

వైద్య కళాశాలలో ఆమెను విద్యార్థులు మెదడు మేడమ్ అంటారు. అనాటమీ పాఠాలు చెప్పే ఆమెకు ఆ సంగతి తెలుసు, తెలియనట్టే ఉంటుంది. గాజు జాడీలోంచి మెదడును తీసేటప్పుడు పసికందును ఎత్తుకున్నట్టు కింద అరచెయ్యి పెడుతుంది. ఫార్మలిన్ ఘాటుకి కళ్ళు నీళ్ళు కారితే భుజానికి తుడుచుకుంటుంది. "ఎవరో మహానుభావులు, మీ చదువు కోసం ఇచ్చి వెళ్ళారు" అని క్షణం ఆగి, అప్పుడు పాఠం మొదలుపెడుతుంది.

ఆవేళ తీసింది ఒక వృద్ధుడి మెదడు. మడతల మధ్య సందులు వెడల్పయ్యాయి. "పాపం, ఎంత కుంచించుకుపోయిందో మేడమ్" అంది ముందు వరుసలో అమ్మాయి. "పాపమేంటమ్మా? మెడ నిలపడం దగ్గర్నుంచి మనవల పేర్ల దాకా అన్నీ నేర్చుకుంది. అలసిపోదూ?" అంటూ మేడమ్ లోపలి వంపు మీద వేలు పెట్టింది. "కొత్త జ్ఞాపకాలు కుదురుకునేది ఇక్కడే. దీన్ని..." పేరు రాలేదు. ఏళ్ళ తరబడి చెబుతున్న పేరు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. "హిప్పోకాంపస్, మేడమ్" అంది ఆ అమ్మాయి మెల్లగా. "మొన్న మీరే చెప్పారు." ఈమధ్య ఇలా మాటలు జారిపోతుంటే మేడమ్ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక లోలోపల భయపడుతోంది. ఇప్పుడు మాత్రం ఆమె ముఖం తేటపడింది. "చల్లగా ఉండు తల్లీ. నా దగ్గర జారిపోయినా నీ దగ్గర భద్రంగా ఉందిగా" అంది. మిగతా పాఠం ఆ అమ్మాయినే చెప్పమని, తను వెళ్ళి విద్యార్థుల మధ్య బల్ల మీద కూర్చుని, శ్రద్ధగా వినసాగింది.