ఒక్క మైకు ముందు ఏడుగురం

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి జీతంతో పాటు అభిరుచి అనే జబ్బు కూడా పట్టుకుంటుందేమో అని నాకొక అనుమానం. బెంగళూరు మడివాళలో అద్దెగదిలో ఉంటూ, రెండు బస్సులు మారి హూడిలోని ఆఫీసుకు వెళ్ళే ఆ రోజుల్లో, నా గదిలోని ఒకడికి కొండలెక్కే పిచ్చి పట్టింది, ఇంకొకడికి కాఫీ గింజల పిచ్చి. నాకేమో అమెరికా పల్లెపాటలు పట్టుకున్నాయి. ఒంగోలు దాటి చదువుకోనివాడికి ఇదేం రోగమని అడక్కండి, మా అమ్మ అడిగితేనే సమాధానం చెప్పలేకపోయాను. మామూలు రికార్డులు నాకు ఆనేవి కావు. స్టూడియోలో అందరూ ఒకేసారి నిలబడి, అతుకులు లేకుండా ఒక్క విడతలో పాడే వీడియోలే చూసేవాణ్ణి. చిన్న గది, నేలమీద పాత తివాచీ, మధ్యలో ఒకే ఒక్క మైకు, దాని చుట్టూ బాంజో, ఫిడేలు, గిటార్ పట్టుకున్న మనుషులు. పాట అయిపోయాక చప్పట్లుండవు. రెండు క్షణాలు నిశ్శబ్దం, ఆ తర్వాత ఎవరో ఒకరు చిన్నగా నవ్వుతారు. ఆ నవ్వు కోసమే నేను పాటంతా వినేవాణ్ణి.

విని ఊరుకుంటే బాగుండేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, కనబడినవాడికల్లా పాఠం మొదలుపెట్టేవాణ్ణి. అతికించిన పాట ప్యాకెట్ పిండితో వేసిన ఇడ్లీ అనీ, ఇది రోట్లో రుబ్బిన పిండి అనీ అనేవాణ్ణి. (అప్పటికి నేను రోలు తాకి ఎరగను.) నేను నోరు తెరవగానే గదిలోవాళ్ళిద్దరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళు. అది చాలక ఒక పాత మాండలిన్ కూడా కొన్నాను. ఆరు నెలల్లో మూడు వరసలు పట్టుబడ్డాయి. బాత్రూములో వాయిస్తే నాలుగు గోడల మధ్య గొప్పగా మోగేది కాబట్టి అక్కడే సాధన చేసేవాణ్ణి. తలుపు బాదిన మిత్రులు నా కళాజీవితానికి ఎంత ద్రోహం చేశారో వాళ్ళకు ఇప్పటికీ తెలియదు.

కింద వాటాలో మా ఇంటాయన ఉండేవాడు. తాతల నాటి నుంచీ బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆయన హార్మోనియం వాయిస్తాడు, వీధిలోవాళ్ళతో కలిసి భజన మండలి నడుపుతాడు. మండలిలో అసలు గొంతు ఆయన అక్కగారిది, అందరూ ఆవిణ్ణి పెద్దక్క అనేవాళ్ళు. ఏటా శ్రీరామనవమి పందిట్లో వీళ్ళకు పావుగంట ఇస్తారు. కిందటి ఏడు నాలుగు మైకులు పెడితే నాలుగూ ఒకదాన్ని చూసి ఒకటి కూతపెట్టాయి. మండలిలో అందరూ డోలక్ మామ అని పిలిచే ఆయన చప్పుడు తప్ప పందిట్లో ఇంకేమీ వినబడలేదు. ఈసారీ అలాగే అయితే వచ్చే ఏటి నుంచి పక్కవీధి మండలికి ఆ పావుగంట ఇచ్చేస్తామని పందిరివాళ్ళు చెప్పేశారట. ఈ సంగతంతా ఇంటాయన ఒక ఆదివారం మెట్లమీద కూర్చుని చెబుతుంటే పెద్దక్క చిక్కుళ్ళు ఒలుస్తూ, "వచ్చే యేడు నా గొంతు ఉంటాదో ఉండదో. ఈతూరి నేను పాడే ఆ రెండు చరణాలు నలుగురికి వినబడితే సాలప్పా, ఇంగేం వద్దు" అంది.

ఆ మాటకు నా మనసు నిజంగానే కలుక్కుమంది. కానీ మనసు కంటే ముందు నోరు లేచింది. "అంకుల్, నాలుగు మైకులు ఎందుకు? సింగిల్ మైక్ చాలు. అమెరికాలో పెద్ద పెద్ద ఆర్టిస్టులే అలా పాడతారు. ఎవరి వంతు వస్తే వాళ్ళు ముందుకి రావాలి, అయిపోగానే రెండడుగులు వెనక్కి. అంతే, సింపుల్!" అన్నాను. ఇంటాయన నన్ను కొత్తగా చూశాడు. "అట్లయితే నువ్వే నేర్పీప్పా. నీ దగ్గర అదేదో తంబూరా పిల్ల మాదిరి ఉండాదే, దాన్నీ ఎత్తుకోనిరా" అన్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికింది.

మిద్దెమీద సాధన మొదలైంది. మైకు బదులు బకెట్లో చీపురు నిలబెట్టాం. ఏడుగురం: కదలకుండా బల్లమీద హార్మోనియం, డోలక్ మామ, తాళాలవాళ్ళు ముగ్గురు, పెద్దక్క, నేను. ముందుకు రమ్మంటే అందరూ వచ్చారు. వెనక్కి వెళ్ళమంటే ప్రతివాడూ పక్కవాడి వైపు చూశాడు. డోలక్ మామ అయితే చీపురుకు జానెడు దూరంలో పాతుకుపోయి, "నేను ఎనక్కి పోతే వాయించేది నేనని ఎవురికి తెలుస్తాది? సుమ్నె గలాటా చేయొద్దు" అన్నాడు. (సుమ్నె అంటే ఇక్కడ ఊరికే.) నేను సుద్దముక్కతో నేలమీద గీతలు గీసి, వెనక్కి తగ్గడమే అసలు సంగీతమనీ, ముందుకు రావడం ఎవడికైనా వస్తుందనీ ఉపన్యాసం ఇచ్చాను. (ఈ వాక్యం దయచేసి గుర్తుంచుకోకండి.) రెండు వారాల సాయంత్రాలు గడిచేసరికి కవాతు చేసే పోలీసుల్లా అందరూ గీత దాటకుండా ముందుకీ వెనక్కీ నడవడం నేర్చుకున్నారు.

నవమి సాయంత్రం వచ్చింది. మైకుసెట్టు ఆయన ఒక్క మైకు చాలనేసరికి సగం వైర్లు తప్పాయని నాకు ఒక గ్లాసు పానకం ఎక్కువ ఇప్పించాడు. పాట మొదలైంది. కూత లేదు, గోల లేదు. పెద్దక్క పల్లవి అందుకుని వెనక్కి తగ్గింది, తాళాలు వచ్చి వెళ్ళాయి, డోలక్ మామ కూడా (నా కళ్ళను నేనే నమ్మలేదు) వచ్చి, వాయించి, వెనక్కి వెళ్ళాడు. చరణాలకు ముందు ఒక్క చుట్టు నాది. ముందుకు అడుగేసి తీగ మీటాను. అంతే. నా మాండలిన్ స్పీకరు పెట్టెల్లోంచి వీధి చివరి బస్టాపు దాకా మోగింది. కళ్ళు మూసుకున్నాను, వీడియోల్లో వాళ్ళు మూసుకుంటారు కదా. ఒక చుట్టు అయింది. ఇంకొకటి వేశాను. వచ్చిన మూడు వరసలూ అయిపోతే మళ్ళీ మొదటిది అందుకున్నాను. పెద్దక్క ముందుకు వచ్చి, నన్ను చూసి, మర్యాదగా వెనక్కి తగ్గిందట. అలా రెండుసార్లు జరిగిందట. నాకేం తెలుసు, నేను అమెరికాలో ఉన్నాను.

చివరికి నా భుజంమీద ఒక చెయ్యి పడింది. మైకులోనే వినబడింది: "స్వల్ప జరుగప్పా. నేను పాడేది ఇంగా ఉండాది." (స్వల్ప అంటే ఇక్కడ కొంచెం.) పందిరంతా ఘొల్లుమంది. పెసరపప్పు కోసంబరి పంచేవాళ్ళు గరిటెలు వదిలేసి నవ్వారు. నేను రెండడుగులు కాదు, నాలుగడుగులు వెనక్కి పోయి స్తంభానికి ఆనుకున్నాను. పెద్దక్క పాడింది. సన్నటి గొంతు, అక్కడక్కడా వణికింది, కానీ ఒక్కో మాటా విడివిడిగా వినబడింది. నవ్వేవాళ్ళు నవ్వడం మానేశారు. అయితే రెండు చరణాల్లో ఒకటే పాడటానికి సమయం మిగిలింది. రెండోది నేను తినేశాను. పావుగంట మండలికే నిలబడిందని ఇంటాయన పొంగిపోయాడు కానీ, నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే క్షమాపణ చెప్పడానికి కిందికి దిగాను. చెప్పనిస్తేగా! "అది పోనీ. నువ్వు చూసేది నాకూ స్వల్ప చూపీ" అంది పెద్దక్క. నలభైసార్లయినా చూసిన వీడియో పెట్టాను: ఒక ముసలావిడ పాడుతుంటుంది, చుట్టూ వాయిద్యాలవాళ్ళు. పెద్దక్క రెప్ప వేయకుండా చూసింది. పాట అయ్యాక, "ఆయమ్మ బాగా పాడె. ఆ గోడకాడ నిలబడినాయన ఎవురప్పా? ఫిడేలు చంకలో పెట్టుకోని, పాటంతా ఆయమ్మ మొగమే చూస్తా ఉండాడే" అని అడిగింది.

గోడ దగ్గర ఎవరో ఉన్నారని నాకు తెలియనే తెలియదు. మళ్ళీ పెట్టి చూశాను. నిజమే, ఉన్నాడు. పాట మధ్యలో వచ్చి ఒకే ఒక్క వరస వాయించి, కమాను దించి, తిరిగి గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. చివర్లో ఆ చిన్న నవ్వు నవ్వింది కూడా ఆయనే.

ఇప్పుడు ఆఫీసు దగ్గరే ఇల్లు తీసుకున్నాను, వీడియోలు ఇంకా చూస్తూనే ఉంటాను. పాట మొదలవగానే నా కళ్ళు ముందు గోడల వెంట వెతుకుతాయి. ఎప్పుడైనా ఆ పందిట్లో కళ్ళు మూసుకుని వాయిస్తున్న కుర్రాడు గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి, చెంప ఛెళ్ళుమనిపించాలనీ అనిపిస్తుంది. కానీ చెయ్యి రాదు. పాపం, తన చప్పుడు తనకు అంత పెద్దగా వినబడటం వాడికి అదే మొదటిసారి.