నా కాలి కింద బ్రేకు కోసం ఘట్‌కేసర్ దాకా

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద ప్రకాశం అన్న మైకు పట్టుకుని, "మన కరుణమ్మకు నేనే పక్కన కూసొని వ్యాన్ నేర్పిచ్చిన. ఇగ మన ముసలోళ్లకు ఫికర్ లేదు" అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గట్టిగా మాట్లాడడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు, ప్రార్థన కూడా పెదవుల్లోనే చేసుకుంటాను. కానీ నాచారంలో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. దానికి తోడు స్త్రీల సమాజంలో ఇద్దరు అక్కలు, "ఆ ర్యాలీ స్కూలుకు ఎట్ల పోయినవ్, ఎంత తీసుకున్నరు, మేం గూడ పోదామనుకుంటున్నం" అని వారం నుంచి అడుగుతున్నారు. నోటితో చెబితే సగం మింగేస్తాను. అందుకే, పదో తరగతి పరీక్ష తర్వాత ఇంత పొడుగున ఎప్పుడూ రాయని నేను ఈ పెన్ను పట్టుకున్నాను.

ముందు అసలు ఎందుకు పోవలసి వచ్చిందో చెప్పాలి. మా సంఘానికి ఒక పాత వ్యాన్ ఉంది. చెంగిచెర్ల, పీర్జాదిగూడ కాలనీల నుంచి నడవలేని ఐదుగురు ముసలమ్మలను ఆదివారం మందిరానికి తెస్తుంది. డ్రైవర్ మానేసి ఊరికి పోయాడు. ఇంకొకరు దొరకలేదు. నెలాఖరుకు ఎవరూ దొరక్కపోతే వ్యాన్ అమ్మేద్దామని కమిటీ అనుకుంది. అమ్మితే ఆ ఐదుగురికీ మందిరం లేనట్టే. నేను ఉప్పల్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రోజులు నేర్చుకున్నాను, లైసెన్సు కూడా వచ్చింది. నేను నడుపుతానని చెప్పాను. మొదటి ఆదివారమే నాచారం ఎత్తు మీద సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయింది, వ్యాన్ వెనక్కి జారింది. నా కాలికి బ్రేకు దొరకలేదు. దొరకలేదంటే, అది ఎక్కడుందో తెలుసు గానీ కాలు అటు పోలేదు. వెనకాల ఆటో ముందు అద్దం పగిలింది. లోపల ముసలమ్మలు "యేసయ్యా" అని అరిచారు. దేవుని దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ప్రకాశం అన్న ఆ సాయంత్రమే తాళం తీసుకుని, "చెల్లె, ఇది వంటింట్ల గరిటె కాదు" అన్నాడు.

మర్నాడు ఉప్పల్ స్కూల్లో నాకు నేర్పించిన శ్రీను దగ్గరికి పోయాను. అన్ని స్కూళ్ళ కార్లలాగే అతని కారులోనూ ఎడమ సీటు కింద ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు ఉంటాయి. అవి ఉన్నాయని నాకు తెలుసు. ఆపద వస్తే తొక్కడానికి అనుకున్నాను. "శ్రీనూ, నాకు బ్రేకు ఎందుకు రాలే?" అని అడిగాను. పగలబడి నవ్వాడు. "అక్కా, ఇరవై దినాలు నేనే గదా ఆపిన! మీరు స్టీరింగ్ తిప్పిన్రు, నేను తొక్కిన. ఇప్పుడు నేను లేను, ఇంగెట్ల ఆగుతది?" అన్నాడు. తప్పు చేసినట్టు కాదు, మేలు చేసినట్టు చెప్పాడు. ప్రతి రోజూ దిగేటప్పుడు "సూపర్ అక్కా, చేయి సాఫ్ అయింది" అనేవాడు. చేయి తిరిగింది సరే. నా కాళ్ళు ఆ ఇరవై రోజులూ ఊరికే పెడల్ మీద కూర్చున్నాయి, నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తలచుకున్నా ఒళ్ళు మండుతుంది. నాలాగా ఎంతమంది ఆడవాళ్ళు లైసెన్సు పర్సులో పెట్టుకుని, మాకు చేతకాదు అనుకుంటూ ఇంట్లో కూర్చున్నారో.

అప్పుడే మా పక్కింటి పిల్ల ఫోనులో, మట్టి మీద కార్ల రేసు నేర్పే ఈ ర్యాలీ స్కూలు చూపించింది. ఘట్‌కేసర్ దాటాక ఒక మట్టి మైదానంలో, శనివారం ఒక్క రోజు శిక్షణ, భోజనంతో కలిపి ఐదువేల ఐదు వందలు. ఫోను చేసి ఒకటే అడిగాను, "బండి ఆపుడు నేర్పిస్తరా?" అని. "ఆంటీ, అన్నీ నేర్పిస్తాం" అన్నారు. మా ఆయన ఫ్యాక్టరీ నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి టీ తాగుతూ, "రేసుకు పోతవా?" అన్నాడు. "బ్రేకు కోసం పోత" అన్నాను.

శనివారం పొద్దున ఆరున్నరకు బయలుదేరాను. నాచారం నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డుకు షేర్ ఆటో ఇరవై రూపాయలు. అక్కడ ఘట్‌కేసర్ వైపు పోయే బస్సు ఎక్కితే ఆధార్ చూపించిన ఆడవాళ్ళకు టికెట్ సున్నా. ఏడులోపు ఎక్కండి, తర్వాత కాలేజీ పిల్లలతో నిలబడడానికీ చోటుండదు. పీర్జాదిగూడ దాటేదాకా రోడ్డు పనులతో బస్సు పాకింది, ఆ తర్వాత బాగానే పోయింది. ఘట్‌కేసర్‌లో దిగి మైదానం దాకా ఆటో మాట్లాడుకున్నాను, నూటయాభై. ఆటో అన్న అద్దంలో నన్ను చూసి, "రేస్ గ్రౌండ్‌కా అమ్మా? కొడుకు నడుపుతడా?" అన్నాడు. "లే తమ్మి, నేనే నేర్సుకుంటందుకు" అన్నాను. కొంచెం దూరం పోయాక, "మీరందరు నేర్సుకుంటే మా గిరాకీ ఏం గావాలె!" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు మధ్యాహ్నం దాకా నేను నవ్వింది అప్పుడొక్కసారే.

ఎనిమిదిన్నరకు మొదలైంది. ఒక టెంటు, తెల్ల బోర్డు, ఎర్రమట్టి కొట్టుకుపోయిన మూడు పాత కార్లు. నేర్చుకోవడానికి ఏడుగురు మగపిల్లలు, నేను. నల్ల కళ్ళద్దాల కోచ్ గంటన్నర పాఠం చెప్పాడు. అబద్ధం ఎందుకు, ఆ పాఠం బాగుంది. చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైన ఆనాలి, క్లచ్చు పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి, సీటు అంత దగ్గరకు జరుపుకోవాలి. ఇరవై రోజులు నేను సీటు చివర కూర్చుని నడిపానని అప్పుడే తెలిసింది. రాసుకున్నాను.

పది దాటాక కార్లు తీశారు. ఒక్కొక్క పిల్లవాడికి మూడేసి చుట్లు. నా వంతు వచ్చింది. కోచ్ నా తలకు హెల్మెట్ పెట్టి, కారు పక్కన నిలబెట్టి ఫోటో తీసి, ఎడమ తలుపు తెరిచాడు. "మీకు నావిగేటర్ సీట్ ఆంటీ, పక్కన కూర్చుని దారి చెప్పేవాళ్ళది. నేను నడుపుతా, మీరు ఎంజాయ్ చేయండి" అన్నాడు. ఎక్కాను. మట్టిలో కారును పక్కకు జార్చి, గాలిలోకి లేపి, నాలుగు నిమిషాల్లో తెచ్చి ఆపాడు. నేను కళ్ళు మూసుకుని కీర్తన పాడుకున్నాను. "మస్తు ఉంది కదా ఆంటీ? ఇంక టెంటులో రెస్ట్ తీసుకోండి, సాయంత్రం సర్టిఫికెట్ ఇస్తాం."

"బాబూ, నేను నడుపుతందుకు వచ్చిన" అన్నాను. "మీ ఏజ్‌లో రిస్క్ ఆంటీ. లేడీస్‌కు ఇదే ప్యాకేజ్." "రసీదులో అట్ల లేదు గద. అందరం ఒకటే కట్టినం." "అది ఆఫీసోళ్లు చూస్తారు" అంటూ ఫోను చూసుకుంటూ పోయాడు. ఆపే విద్య ఎక్కడికి పోయినా ఇంకొకరి కాలి కిందే ఉంటోందని అప్పుడు అర్థమైంది. ఇక్కడ కనీసం స్టీరింగ్ కూడా నాది కాదు.

నాకు గొడవ పడడం రాదు. అందుకని కారు చుట్టూ తిరిగి పోయి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. సీటు దగ్గరకు జరుపుకున్నాను, బెల్టు పెట్టుకున్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. కోచ్ వచ్చి దిగమన్నాడు. దిగలేదు. ఒక పిల్లవాడు, "ఆంటీ, నా టర్న్" అన్నాడు. "కూసో నాయనా, నాది అయినంక" అన్నాను. మధ్యాహ్నం అందరూ బగారా అన్నం తిన్నారు. నేను అక్కడే ఎండలో కూర్చున్నాను. తిట్టలేదు, ఏడవలేదు. బండిలోంచి ఒక మనిషిని లాగేయలేరని మాత్రం తెలుసు.

రెండున్నరకు అక్కడి మెకానిక్ యాదగిరి అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అరవై దగ్గర ఉంటాయి. "సార్, ఈమె దిగేటట్టు లేదు. జర నేను కూసుంట" అని కోచ్‌తో చెప్పి ఎడమ సీట్లో కూర్చున్నాడు. నేను వంగి అతని కాళ్ళ దగ్గర చూశాను. "ఏం జూస్తున్నవ్ చెల్లె?" "అటు దిక్కు బ్రేకు ఉందా అన్నా?" "ఏముంటది, మట్టి ఉంది. నువ్వు ఆపితేనే మనిద్దరం ఇంటికి పోయేది."

మైదానం మధ్యకు పోయి ముప్పై స్పీడులో ఆపమన్నాడు. మెల్లగా తొక్కాను, కారు ఎక్కడో పోయి ఆగింది. "బ్రేకును తొక్కుతున్నవా, బుజ్జగిస్తున్నవా?" అన్నాడు. ఇంకోసారి. ఈసారి మొత్తం బలంతో తొక్కాను, చక్రాలు బిగుసుకుని కారు మట్టి మీద సర్రున జారింది. "చక్రం ఆగితే బండి ఆగినట్టు గాదు. జారుతుంటే జర వదులు, మళ్ల తొక్కు." ఎన్నిసార్లు చేయించాడో లెక్క లేదు. నా తొడ పట్టేసింది. కానీ ఒక చోట, చెప్పకముందే కాలు తనంతట తాను పోయి తొక్కింది. "ఆఁ, గిట్ల!" అన్నాడు.

తర్వాత ఎత్తు. కార్లు ఎగరడానికి వాళ్ళు పోసిన మట్టిదిబ్బ మీద సగంలో ఆపించాడు. దిగి, తన స్టీలు టిఫిన్ గిన్నె తెచ్చి వెనక చక్రానికి ఆనించి పెట్టాడు. "హ్యాండ్ బ్రేకు గుంజు. క్లచ్చు సగం వదిలితే బండి ముక్కు లేస్తది, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించు. ఎనకకొస్తే నా గిన్నె పోతది, ఇంట్ల తిట్లు నాకు." ముక్కు లేవకముందే దించేశాను. వెనకాల చప్పుడు. ఇద్దరం దిగి చూస్తే గిన్నె అప్పడం అయింది. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. "కొనిస్త అన్నా" అన్నాను. "గిన్నెదేముంది చెల్లె, మూత ఉంది గద" అని ఆ మూత తెచ్చి పెట్టాడు. ఈసారి మూత మిగిలింది. ఆ తర్వాత నాలుగుసార్లూ మిగిలింది. టెంటులో పిల్లలు ఈలలు వేశారు.

నాలుగున్నరకు కోచ్ సర్టిఫికెట్ ఇచ్చాడు. నా పేరు కింద "నావిగేటర్" అని అచ్చయి ఉంది. మార్చమన్నాను. ముందే ప్రింట్ అయిపోయాయన్నాడు. బల్ల మీద పెట్టేసి వచ్చాను. ఐదింటి బస్సు ఎక్కితే ఆరున్నరకు ఉప్పల్.

ఆ మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక, నేర్చుకున్న సంగతి చెప్పి తాళం అడిగాను. ప్రకాశం అన్న నవ్వి, "ఒక్క దినంల ఏమొస్తది చెల్లె? అమ్మేద్దామనుకుంటున్నం" అన్నాడు. "వచ్చి పక్కన కూసో అన్నా" అన్నాను, నా మామూలు గొంతుతోనే. నలుగురి ముందు కాదనలేక ఎక్కాడు. నాచారం ఎత్తు మీద, అదే సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడింది. వెనకాల ఆటోలు ఆనుకుని నిలబడ్డాయి. హ్యాండ్ బ్రేకు గుంజాను. ఆయన రెండు కాళ్ళూ ముందు రేకును తొక్కిపట్టాయి, చెయ్యి కిటికీ పైన బిగుసుకుంది. పచ్చ దీపం వచ్చింది. ముక్కు లేచింది, దించాను. వ్యాన్ బెత్తెడు కూడా వెనక్కి పోలేదు. తిప్పి తెచ్చి మందిరం ముందు ఆపాను. ఆయన దిగి లోపలికి పోయాడు. తాళం అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి అనుకుంటున్నాను, నాకు చేతకాదని చెప్పినవాళ్ళెవరూ నన్ను ఒక్కసారైనా చెయ్యనివ్వలేదు. శ్రీను మంచివాడే, కోచ్ మర్యాదస్తుడే, ప్రకాశం అన్న ప్రార్థనాపరుడే. అయినా కోపం తగ్గలేదు. దేవుని ముందు దీన్ని దించుకోవాలని చూస్తున్నాను, ఇంకా దిగలేదు. పోదామనుకునే అక్కలకు ఒకటే మాట: డబ్బు కట్టకముందే ఫోనులో, "ఎన్ని గంటలు నేను నడుపుతాను?" అని అడగండి, ఆ జవాబు రసీదు మీద రాయించుకోండి. రాయకపోతే ఆ శనివారం ఇంట్లోనే ఉండండి.

అక్కలారా, ఈ కాగితాలు మీ ఇద్దరి దగ్గరే దాచుకోండి, ఎవరికీ చూపించకండి. వ్యాన్‌లో వచ్చే ఐదుగురిలో ఒకామె ప్రకాశం అన్న తల్లి. ముందు సీట్లో నా పక్కనే కూర్చుంటుంది. కొడుకు నేర్పించాడనే అనుకుంటోంది, దారి పొడుగునా ఆ మాటే చెప్పుకుని మురిసిపోతుంది.