మగ్గాల సందులో వాల్వు పెట్టె

మార్కండేయన్న గురించి రాయమంటే నాకు ముందు ఆయన్ని తిట్టాలనిపిస్తుంది. ధర్మవరంలో నా ఇంటికి ఆనుకునే ఆయన ఇల్లు. ముప్పై ఏళ్ళు చేతిమగ్గం మీద పట్టుచీరలు నేసిన మనిషి. మోకాళ్ళు పోయాక మగ్గం గుంత పూడ్పించి అక్కడొక బల్ల వేసుకున్నాడు. బల్లనిండా పాత రేడియోల గాజు వాల్వులు, తీగలు. వాటితో పాటలు వినే ఆంప్లిఫయర్ పెట్టె చేస్తానంటాడు. ఈ రోజుల్లో అది ఎవరికి కావాలని సందంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

రెండేళ్ళకు ఒకరు అడిగారు. పుట్టపర్తిలో సంగీతం నేర్పే జ్యోతిలక్ష్మి. వాల్వు పెట్టెలో గొంతు మనిషి గొంతులా ఉంటుందని ఆమె నమ్మకం. ఇక చూడండి, ఈయన నాలుగు నెలలు దాని మీదే కూర్చున్నాడు. అందులోనూ డ్రైవర్ స్టేజి మీద. అదేమిటని పొరపాటున అడిగానా, వదిలిపెట్టలేదు. మొదటి వాల్వు సన్నగా ఇచ్చిన శబ్దాన్ని అందుకుని, చివరనున్న పెద్ద వాల్వును కదిలించేంత బలంగా తయారుచేసే మధ్య అంచె అట అది. బలం చాలకపోతే పాట నీరసంగా ఉంటుంది, మరీ ఎక్కువైతే పనికిరాని చప్పుడు కూడా పెద్దదవుతుంది.

పెట్టెను బస్సులో ఒళ్ళో పెట్టుకుని పుట్టపర్తి పోయాడు. ఆ సాయంత్రమే ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆమె గదిలో స్విచ్చి వేయగానే గుయ్‌మని మోత వచ్చిందట. పాట ఆగినప్పుడల్లా గదిలో తుమ్మెద దూరినట్టుందని ఆమె అన్నదట. రెండు రోజులు ఆయన అన్నం సరిగా ముట్టలేదని వదిన ఆంజినమ్మ చెప్పింది.

తప్పెక్కడో ఆయనే కనిపెట్టాడు. మా సందులో ఇరవైరెండు మరమగ్గాలున్నాయి, అందులో నాలుగు నావి. రాత్రీ పగలూ టకటకలాడుతూనే ఉంటాయి. అమావాస్య సెలవు చేతిమగ్గాలకే గానీ వాటికి లేదు. ఆ మోతలో ఏ పాటైనా చిన్నగానే వినబడుతుంది కదా, అందుకని డ్రైవర్ స్టేజిలో మరీ బలమిచ్చే వాల్వు పెట్టాడు. దాంతో కరెంటు గుయ్యి కూడా పెరిగింది. మగ్గాల చప్పుడులో అది బయటపడలేదు. మగ్గాలు ఆగేది కరెంటు పోతేనే, అప్పుడు పెట్టె కూడా ఆగిపోతుంది. ఇన్వర్టర్ మీద పెట్టి చూస్తే దాని గోల దానిది.

వాల్వు మార్చి తక్కువ బలమిచ్చేది పెట్టాడు. గుయ్యి పుట్టకుండా దాన్ని వేడిచేసే కరెంటును ఏసీ నుంచి డీసీకి తిప్పాడు. ఇక మిగిలింది వినడమే. నా దగ్గరికి వచ్చాడు.

"రాజేంద్రా, ఒక్క పావుగంట మగ్గాలు ఆపిచ్చప్పా. నా పని నేను ఒక్కసారన్నా వినాల."

నాకు ఒళ్ళు మండింది. ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది మాత్రం నేనే. ఆ మొహం చూస్తే మీరూ తిరిగేవాళ్ళే.

శుక్రవారం పదకొండింటికి జ్యోతిలక్ష్మి వచ్చింది. బాగుంటే తీసుకుపోతానని, ఈసారీ గుయ్యి ఉంటే ఇక వద్దని ముందే చెప్పింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. కరెంటు ఉండగా సందు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను పుట్టాక ఎరగను. ఆయన పెట్టె వేశాడు. ఆమె ఫోనులోంచి ఒక ఆలాపన పెట్టింది. సంగీతం గురించి నాకేం తెలుసు, ఎవరో మా ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంది. పాట ఆపి, స్పీకరుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. గుయ్యి లేదు, తీసుకెళ్తానంది.

మార్కండేయన్న తల అడ్డంగా ఊపాడు. ఉందన్నాడు. ఆమె మళ్ళీ విని లేదంది. జాలిపడి అబద్ధం చెప్పొద్దని, తప్పున్న పని తన చేతిమీదుగా బయటికి పోదని పెట్టె మీద చెయ్యేసి కూర్చున్నాడు. చీరలో ఒక్క పోగు తప్పినా విప్పి మళ్ళీ నేసిన మనిషి, ఎవరి మాటా వినడు. అవతల ఇరవైరెండు మగ్గాలు ఊరకే నిలబడి ఉన్నాయి. నాకు ఓపిక నశించింది. గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేశాను. వాల్వులు ఆరిపోయేదాకా ఆగి, ప్లగ్గు ఆయన ముఖం ముందు పెట్టాను.

"ఇప్పుడు?"

ఆయన చెవి ఒగ్గి విన్నాడు. "ఉండాది," అన్నాడు మెల్లగా. "ఇంకా వస్తాండాది."

తిట్టడానికి నోరు తెరిచాను. నాకూ వినబడుతోంది, సన్నగా, రెండు చెవుల్లోనూ. నా మగ్గాల మీద పనిచేసే వీరేష్ వాకిట్లో నిలబడి చిటికెనవేలితో చెవి తిప్పుకుంటున్నాడు. జ్యోతిలక్ష్మి మాత్రం ఏమీ అర్థంకాక మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది.

ఏళ్ళతరబడి మగ్గాల మోత విన్న మా చెవుల్లోనే ఆ గుయ్యి ఉందని అందరికంటే ముందు మార్కండేయన్నకే తెలిసింది. నా చేతిలో ప్లగ్గు వైపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మొహం మాత్రం వెలిగిపోయింది.

"అయితే తప్పు పెట్టెలో లేదు," అన్నాడు. "తీసకపో తల్లీ, బాగుండాది."